సరుగుడు తోపులో ఒక రాత్రి: సీతాఫల్‌మండి కుటుంబానికి సముద్రపు లెక్కలు

తెలంగాణకు ఉన్న సముద్ర తీరం సున్నా కిలోమీటర్లు. అయినా బంగాళాఖాతంలో రేపు అల ఎంత ఎత్తున లేస్తుందో లెక్కగట్టేది హైదరాబాదులోనే. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, 1999 నుంచి ఆ పనిలో ఉంది. వేటకు పోయే పడవలకు చేపల జాడ, అలల ఎత్తు, గాలి వేగం చెబుతుంది. 2007 నుంచి దేశపు సునామీ హెచ్చరిక కేంద్రమూ అక్కడే. మనవాళ్లు మాత్రం బీచ్‌కు బయల్దేరేటప్పుడు రెండే అంకెలు అడుగుతారు: ఎన్ని కిలోమీటర్లు, ఎంతవుతుంది. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లకు అవి చాలు. చెట్ల మధ్య గుడారం వేసుకుని రాత్రి అక్కడే పడుకోవాలనుకునేవాళ్లకు చాలవు.

ముందు ఆ దూరం సంగతి ముగిద్దాం. సికింద్రాబాద్‌లోని మన సీతాఫల్‌మండి నుంచి సముద్రానికి పటం మీద గీత గీస్తే అన్నిటికన్నా దగ్గర పడేది చీరాల పక్కన వాడరేవు ప్రాంతం, సుమారు 270 కిలోమీటర్లు. అక్కడి నుంచి తీరం వెంట ఈశాన్యంగా వెళ్తే సూర్యలంక, బాపట్ల ఊరికి 9 కిలోమీటర్లు. బాపట్లకు రైలు దారులు రెండు. నడికుడి, గుంటూరు మీదుగా 350 పైచిలుకు, కాజీపేట, విజయవాడ మీదుగా 425 దాకా. నారాయణాద్రిది మొదటి దారి, సింహపురిది రెండోది. ఏ బండి సికింద్రాబాద్ నుంచి, ఏది చర్లపల్లి నుంచి అన్నది స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక మారుతూ ఉంది కాబట్టి టికెట్ మీద చూసుకుని బయల్దేరడం మేలు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతి వారంలో ఆ 60 రోజులు 60 సెకన్లలా గడిచిపోతాయని రైల్వే కుటుంబాలు నిండిన ఈ పేటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ వారం వదిలేయండి.

బండి 500 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. స్టేషన్ల పసుపు బోర్డుల మీద సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది, పిల్లలకు చూపించండి. ఇక్కడ 98 డిగ్రీలు దాటగానే మరిగే నీళ్లు అక్కడ 100కు గానీ మరగవు.

అడవి ఎక్కడ?

సముద్రం పక్క అడవి అనగానే కోరంగి గుర్తొస్తుంది. కాకినాడ దగ్గరి ఆ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. కానీ అది మడ అడవి. కింద బురద, రోజుకు రెండుసార్లు నీళ్లు వచ్చిపోతాయి. చెక్క వంతెన మీద నడిచి చూడాల్సిన చోటే గానీ నడుం వాల్చే చోటు కాదు. విశాఖ కంబాలకొండ 71 చదరపు కిలోమీటర్ల కొండ అడవి, సముద్రం దానికి పొరుగు మాత్రమే. ఇసుక, అల, చెట్టు మూడూ ఒకేచోట కావాలంటే మనకు మిగిలేది సరుగుడు తోపు. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో తెల్లటి ఇసుక వెనక చీకటి గోడలా కనిపించేది అదే.

నిజానికి ఇది మన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాల నుంచి వచ్చి 19వ శతాబ్దపు రెండో సగంలో మద్రాసు రాజధానిలో రైలింజన్లకు కట్టెల కోసం నాటిన చెట్టు. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది కనుక వట్టి ఇసుకలో కూడా బతుకుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడి పదివేల మందికి పైగా పోయాక, తీరానికి రక్షణ కవచమని సరుగుడు నాటడం ఊపందుకుంది. పది మీటర్ల ఎత్తున్న తోపు తన వెనక వంద నుంచి రెండు వందల మీటర్ల వరకూ గాలి జోరు తగ్గిస్తుంది. గుడారానికి అంతకన్నా మంచి పెరటిగోడ దొరకదు. ఒకటే తకరారు. రాలిన సరుగుడు పుల్ల ఎండితే తుపాకి మందులా అంటుకుంటుంది. కిలో కట్టెలో దాదాపు 5 వేల కిలో కేలరీల వేడి దాచుకున్న చెట్టు కింద చలిమంట వేయాలన్న సరదా ఇంట్లోనే వదిలి రావాలి.

ఆ సరదాకు చట్టం కూడా అడ్డమే. తీరం వెంట ఉన్న తోపుల్లో చాలా భాగం అటవీ శాఖది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు రాజేయడం రెండూ 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరాలు. దీని మీద తీర నియంత్రణ నిబంధనలు వేరే. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కూడదు. 2011 జనగణనలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న చోట్ల ఆ దూరం 50 మీటర్లు. తాత్కాలిక పర్యాటక వసతులకు పోటు గీతకు 10 మీటర్ల దాకా వెసులుబాటు ఉంది. అంటే పక్కా గది కట్టలేని చోట గుడారం నిలబడొచ్చు, కానీ నేల ఎవరిదో వారి అనుమతి చేతిలో ఉండాలి. సూర్యలంక దగ్గర ఇంకో సంగతి: పక్కనే వైమానిక దళ స్థావరం ఉంది, క్షిపణి పరీక్షలూ జరుగుతాయి. తీరంలో కొంత భాగం మనది కాదు, బోర్డు కనబడితే వెనక్కి తిరగడమే.

క్యాలిఫోర్నియాలో ఉన్న మన పిల్లలు ఇలాంటి రాత్రి కోసం రాష్ట్ర పార్కుల సైటులో ఆరు నెలల ముందు, ఉదయం ఎనిమిది గంటలకు, కంప్యూటర్ ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఒక గుడారపు జాగాకు 8 మంది మించకూడదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయకూడదు, మంట ఇనుప వలయం లోపలే. చెట్ల మధ్య సముద్రం వినబడే చిన్న క్యాంపుగ్రౌండ్ అంటే అక్కడ అంకెలతో రాసిపెట్టిన ఒక ఒప్పందం. మన తీరంలో అలాంటి ప్రభుత్వ గొలుసు లేదు. పర్యాటక సంస్థ గదులున్నాయి, ప్రైవేటు రిసార్టులున్నాయి. వాటి ఆవరణలోనో, అనుమతి తీసుకున్న తోటలోనో గుడారం వేసుకోవడమే మనకున్న దారి. ఆ నియమాలు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. సౌండ్ బాక్సు లేకుండా విహారయాత్ర చేయడం మన జాతికి ఇంకా అలవడని విద్య.

నాలుగు వేల అయిదు వందల అలలు

గుడారం ఎక్కడ వేయాలన్నది సముద్రం చెప్పాలి. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు సమయం రోజూ 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. సాయంత్రం ఆరింటికి నీళ్లు బాగా లోపలికి పోయి, ఎంత విశాలమైన ఇసుకో అనిపించిన చోటికి అర్ధరాత్రి పన్నెండుంపావు ప్రాంతంలో సముద్రం తిరిగి వస్తుంది.

పౌర్ణమికీ అమావాస్యకూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు పెద్దది. అష్టమి దరిదాపుల్లో చిన్నది. గోడమీది తెలుగు క్యాలెండరే సగం పోటు పట్టిక. మధ్య కోస్తాలో పెద్ద పోటుకూ పాటుకూ నిలువు తేడా ఒక మీటరు అటూఇటూ ఉంటుంది. మీటరే కదా అనుకోకండి. ఇరవై మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన ఇసుక మీద ఆ ఒక్క మీటరు నిలువు ఇరవై మీటర్ల అడ్డం అవుతుంది.

దాని మీద అలలు. ఇన్‌కాయిస్ సూచనలో అల ఎత్తు ఒక మీటరు అని ఉంటే అది అన్ని అలల్లోకీ పెద్దది కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున గంటకు 450 అలలు. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఆరు దాకా పది గంటలకు 4,500. అన్ని అలల్లో ఒక్కటైనా ఆ అంకెకు రెట్టింపు ఎత్తు ఉంటుందని లెక్క చెబుతుంది. ఎప్పుడు వస్తుందో చెప్పదు. కనుక తడి గీత చూసి గుడారం వేయడం తప్పు పద్ధతి. ఎండిన నాచు, కొట్టుకొచ్చిన చెత్త పేరుకున్న గీతను దాటాలి. ముళ్ల బంతుల్లాంటి రావణాసురుడి మీసాలు మొలిచిన మొదటి ఇసుక దిబ్బను దాటాలి. ఆ వెనక సరుగుడు మొదలయ్యే చోటు సరైన జాగా. దిబ్బ మీద అసలు వేయొద్దు. ఆ గడ్డి, దాని పక్కన పాకే ఊదాపూల తీగ కలిసి పట్టి ఉంచబట్టే అక్కడ దిబ్బంటూ ఉంది.

స్నానం సంగతి ఒక్క మాటలో. ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే సన్నటి పాయలో వేగం కొన్నిసార్లు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. పోటీ ఈతగాళ్లకు కూడా అది ఎదురీదే వేగం కాదు. పాయకు అడ్డంగా, ఒడ్డుకు సమాంతరంగా ఈదితే బయటపడొచ్చు. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటకూడదు. తీర రక్షక దళం నంబరు 1554, తీర భద్రత పోలీసులది 1093.

బియ్యం సంచి, పావు లీటరు ఆవిరి

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి, అంటే తీరంలో ఓ మోస్తరు ఈదురు, చదరపు మీటరుకు దాదాపు 6 కిలోల బరువుతో నెడుతుంది. నలుగురి గుడారానికి పక్కగోడ మూడు చదరపు మీటర్లనుకుంటే 18 కిలోలు. గుడారంతో పాటు వచ్చే జానెడు మేకులు గట్టి నేలకు పనికొస్తాయి, వదులు ఇసుకలో పళ్లు రాని నోట్లో చెరుకు ముక్కల్లాంటివి. ఖాళీ బియ్యం సంచిలో పది లీటర్ల ఇసుక పోస్తే 16 కిలోలు తూగుతుంది. అలాంటివి నాలుగు కట్టి, తాడు కట్టాక ఒక అడుగు లోతున పూడ్చితే గుడారం కదలదు. సంచులు ఇంటి నుంచి తెచ్చుకోవాలి, బరువు అక్కడ ఉచితం.

పగలు గాలి సముద్రం నుంచి వీస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక తిరగబడి భూమి వైపు నుంచి వీస్తుంది. ఆ గాలి పొలాల మీదుగా, మురుగు కాలవల మీదుగా దోమల్ని మోసుకొస్తుంది. గాలి బాగా ఉన్నప్పుడు దోమ ఎగరలేదు. గాలి పడిపోయిన ఆ సంధి గంటలే అసలు పరీక్ష. దోమతెర తలుపులు రెండు వైపులా ఉన్న గుడారం తీసుకోండి.

బాపట్లలో జనవరి రాత్రి 18 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. మన దగ్గర ఆ నెలలో పదిహేనుకు దిగుతుంది కాబట్టి చలి లెక్కలోకి రాదు. మంచు వస్తుంది. తెల్లారేసరికి గాలిలో తేమ 85 శాతం దాటుతుంది. దానికి తోడు మన వంతు మనం కలుపుతాం: చెమట పట్టకపోయినా మనిషి ఒంటి నుంచీ ఊపిరి నుంచీ రోజుకు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరవుతుంది. ఎనిమిది గంటల నిద్రలో పావు లీటరు పైన. నలుగురికి లీటరు. కిటికీలు మూసేసిన గుడారంలో ఆ లీటరు గుడ్డ లోపలివైపు చుక్కలై నిలిచి, తెల్లవారుజామున నెత్తిన రాలుతుంది. వాన పడిందనుకుని లేచేవాళ్లు చాలామంది. పైకప్పు గుడ్డకూ లోపలి గుడ్డకూ మధ్య బెత్తెడు ఖాళీ, ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచడం, అంతే మందు.

తాగడానికి, వంటకు, ఉప్పు కడుక్కోవడానికి తలకు పది లీటర్ల లెక్కన నలుగురికి 40 లీటర్లు, అంటే 40 కిలోలు. రైల్లో మోసేది కాదు. ఇక్కడే బాపట్ల ఇసుక ఒక వింత చూపిస్తుంది. అలకు కూతవేటు దూరంలో గుంట తవ్వితే తియ్యటి నీరు పడుతుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే కింద 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందన్నది శాస్త్రవేత్తల లెక్క. అర మీటరే ఉంటే ఇరవై. తీరపు రైతులు ఈ పైపొరను తీసుకోవడానికి గరాటు ఆకారంలో వెడల్పుగా, లోతు లేకుండా తవ్వుకునే గుంటలే దొరువులు. కుండతో నీళ్లు ముంచి నారుమళ్లకు పోసుకునేవారు. 1945లో పెట్టిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఊళ్లోనే, ఉప్పునీటి పరిశోధన పథకం వాళ్లు దీన్ని మెరుగుపరిచారు: ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, నీళ్లన్నీ మధ్య బావిలోకి చేరేలా చేశారు. లోతుకు పోకుండా అడ్డంగా పోవడంలోనే కిటుకంతా ఉంది. ఒకేచోట మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది, ఇక ఆ బావి కొన్నాళ్లు పనికిరాదు.

క్యాంపుకు వచ్చేవాళ్లకు ఇందులో రెండు సంగతులు పనికొస్తాయి. రిసార్టు కుళాయిలో గంటసేపు స్నానం చేస్తే తగ్గేది ఆ పలుచటి పొరే. రెండోది, నీరు అంత పైన ఉన్న ఇసుకలో మరుగుదొడ్డి గుంట తవ్వితే అది పక్క దొరువులోకే చేరుతుంది. కొండ అడవుల్లో నీటికి 60 మీటర్ల దూరంలో చిన్న గుంట చాలన్న నియమం ఇక్కడ పెట్టుకోవద్దు. సరైన మరుగుదొడ్డి లేని చోట రాత్రి ఉండనే వద్దు.

ఏ నెల?

అసలు చిక్కు ఇక్కడుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గరే, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలితో. ఇందాకటి లెక్కన ఆ గాలి మన గుడారపు గోడను 112 కిలోలకు పైగా బలంతో నెడుతుంది. బియ్యం సంచులు చాలవు. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు సూర్యలంక కిక్కిరిసిపోతుంది. తుపాను నెల, పెద్ద పోటు, జనసందోహం మూడూ కలిసిన రోజది. స్నానం చేసి రావచ్చు, రాత్రి ఉండటానికి తగదు. ఏప్రిల్ వచ్చేసరికి రాత్రి కూడా ఉక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం, కాబట్టి చేపల సందడీ తక్కువే. మే మళ్లీ తుపాన్ల నెల. 1990లో మచిలీపట్నం వైపు విరుచుకుపడ్డ పెను తుపాను మే 9న వచ్చింది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది జనవరి రెండో సగం నుంచి మార్చి మొదటి సగం దాకా, రెండు నెలలు. పొడి వాతావరణం, తక్కువ అలలు, దాదాపు 12 గంటల రాత్రి.

సరిగ్గా ఆ రెండు నెలలనే ఎన్నుకున్న జీవి ఇంకొకటుంది. ఆలివ్ రిడ్లీ తాబేలు. 35 నుంచి 45 కిలోల ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, పోటు గీతకు పైన ఇసుకలో గుంట తవ్వి 100 నుంచి 120 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. అవి 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర గీత, దాటితే ఆడవి ఎక్కువ. వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఒకటని అంచనా. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే ఇదీ ఉంది.

పిల్ల బయటికి వచ్చాక ఒకటే సూత్రం పాటిస్తుంది: కింద, దిగంతం దగ్గర ఎటు వెలుతురు ఉంటే అటు పోవాలి. మనుషులు రాకముందు అది ఎప్పుడూ సముద్రమే. గుడారం ముందు వేలాడదీసిన తెల్లటి ఎల్‌ఈడీ దీపం, చలిమంట, కారు హెడ్‌లైటు ఆ సూత్రాన్ని తలకిందులు చేస్తాయి. పిల్లలు సరుగుడు వైపు పాకి, తెల్లారాక కాకులకూ కుక్కలకూ దొరుకుతాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి వెలుతురు చూసి వెనుదిరిగే సందర్భాలూ ఉన్నాయి.

సరుగుడు మీద కూడా ఇక్కడ ఒక ఫిర్యాదుంది, న్యాయమైనదే. 2004 సునామీ తర్వాత కొన్నిచోట్ల అలకు మరీ దగ్గరగా నాటడంతో తాబేలు తవ్వుకునే ఖాళీ ఇసుక తగ్గింది, వేళ్లు గుంటలకు అడ్డం వచ్చాయి. ఉప్పెనకు కవచమన్న చెట్టే తాబేలుకు కంచె అయింది. తోపు దిబ్బ వెనకే ఉండాలని, ముందు ఇసుకను ఖాళీగా వదలాలని నా అభిప్రాయం. గుడారానికీ అదే గీత.

కనుక ఆ రెండు నెలల్లో వెళ్లేవాళ్లు దీపాలు దిబ్బ వెనకే, నేల వైపు తిప్పి, వీలైతే ఎర్ర కాగితం చుట్టి పెట్టాలి. తాబేలుకు ఎరుపు అంతగా కనబడదు. రాత్రి ఇసుక మీద నడక టార్చ్ లేకుండా, వెన్నెలలో, చెప్పులతో. ట్రాక్టర్ చక్రం లాంటి జాడ నీళ్ల నుంచి పైకి కనబడితే దాన్ని అనుసరించకుండా పక్కకు తప్పుకోవాలి. ఫ్లాష్‌తో ఫొటో వద్దు, గుడ్లు ముట్టుకోవద్దు. తీరంలో అటవీ శాఖ హేచరీలు నడుపుతోంది. గుంట కనబడితే వాళ్లకు చెబితే చాలు, గుడ్లను కంచె లోపలికి మార్చే పని వాళ్లది. తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలేది ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, ఎక్కువగా తెల్లవారుజామునో సాయంత్రం పొద్దువాలాకో. టికెట్లు కొనే ముందే బాపట్ల అటవీ కార్యాలయానికి ఫోన్ చేసి ఆ వారం వదులుతున్నారా అని అడగండి. అనుమతి గురించి ఎలాగూ వాళ్లతో మాట్లాడాలి, రెండు పనులూ ఒకే ఫోన్‌తో అయిపోతాయి.